నా ర్యాంపు మూడో నంబరుకి పోయింది
ఈ ఏడాది ఒడిశాలోని మా పర్లాకిమిడి వికలాంగుల సంఘం ముందు ర్యాంపుల సంగతే పట్టుకుంటుందని నా ధీమా, మూడు చక్రాల బండి మీద తిరిగేవాణ్ని కదా. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, మా కమిటీలో మాత్రం అందరం కాళ్ల సమస్య ఉన్నవాళ్లమే! సరే, ఊరూరా తిరిగి అడిగాం. ర్యాంపు మాట ఎత్తినవాళ్లు తక్కువ. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) కోసం రెండు మూడుసార్లు తిరగడం, తోడు వచ్చినవాళ్ల కూలి పోవడం, ఒడియా కాగితం చదివిపెట్టే మనిషి లేకపోవడం, ఇదే గోడు. ఒకచోట వినపడని అబ్బాయి తరఫున వాళ్లమ్మ మాట్లాడుతుంటే, అతను ఆమెను ఆపి తనే సైగలతో చెప్పాడు, మాకెవరికీ అర్థం కాలేదు, సిగ్గేసింది. అందుకే మొదట ఫారాలు నింపిపెట్టడం, తర్వాత సైగల భాష తెలిసిన మనిషిని వెతకడం. ర్యాంపు ఆ తర్వాతే. నాకు కొంచెం ఉక్రోషంగానే ఉంది లెండి.