జలపాతాల కోసం మెలికలు తిరిగిన రోడ్డు

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ నుంచి కొలంబియా నది లోయలోకి వెళ్లడానికి రెండు దారులున్నాయి. ఐ-84 అనే పెద్ద హైవే మీద వెళితే అరగంటలో మల్ట్‌నోమా జలపాతం ముందు దిగుతాం. పాత హైవే పట్టుకుంటే ఎంతసేపు పడుతుందో మన చేతిలో ఉండదు. బావ మొదటిది అన్నాడు, నేను రెండోది అన్నాను. "ఎటు నుంచి వెళ్లినా పడేది అవే నీళ్లు కదా, మరదలా!" అని ఆయన వాదన. అక్క నా వైపు మొగ్గడంతో కారు కార్బెట్ దగ్గర ఎగ్జిట్ తీసుకుంది.

నా పట్టుదలకు కారణం ఉంది. 1913లో పని మొదలై 1922లో పూర్తయిన ఈ రోడ్డును తొందరగా చేరుకోవడానికి వేయలేదు. దీన్ని రూపొందించిన ఇంజినీరు శామ్యూల్ లాంకాస్టర్. మంచి రోడ్ల కోసం ఊరూరా వాదించిన శామ్ హిల్ అనే ధనికుడితో కలిసి 1908లో యూరప్ వెళ్లి అక్కడి కొండ రోడ్లు చూసి వచ్చాడు. అందమైన చోట్లేవో ముందు వెతికిపెట్టుకుని, వాటిని కలుపుతూ రోడ్డు గీశాడు. అప్పటి కార్లు ఎక్కలేక ఆయాసపడతాయి కాబట్టి ఎక్కడా నూరడుగులకు ఐదడుగులకు మించి ఎత్తు పెరగకుండా చూసుకున్నాడు. అందుకే ఇన్ని మెలికలు. జలపాతం ఎక్కడుంటే రోడ్డు అక్కడికి వెళ్లి పలకరించి వస్తుంది.

మేం వెళ్లింది ఏప్రిల్‌లో. మొదటి మజిలీ క్రౌన్ పాయింట్. నదికి 733 అడుగుల ఎత్తున కొండకొమ్ము మీద 1918లో కట్టిన ఎనిమిది పలకల రాతి భవనం, విస్టా హౌస్. ఇక్కడి గాలి గురించి అక్క ముందే హెచ్చరించింది, అయినా కారు తలుపు తెరవగానే చేతిలోంచి లాక్కున్నంత పనైంది. చున్నీ రెండు చేతులా పట్టుకుని నిలబడితే ఫోటో తీసే చెయ్యి మిగల్లేదు. అదీ మంచిదే. నదిని కాసేపు ఊరికే చూశాను.

అక్కడి నుంచి దిగితే లటురెల్ జలపాతం. 224 అడుగుల నుంచి నీళ్లు కొండను తాకకుండా నేరుగా పడతాయి. వెనక నల్లటి బసాల్టు రాయి కట్ట కట్టి నిలబెట్టిన చెరకు గడల్లా ఉంది. చల్లారుతున్న లావా బిగుసుకుని పగిలితే ఇలా పలకల స్తంభాలు ఏర్పడతాయి. వాటి మీద ఒక పక్కంతా నిమ్మపండు రంగు లైకెన్, రాళ్లను అంటిపెట్టుకుని నాచులా పెరిగేది. మబ్బు పట్టిన రోజున కూడా అది కళ్లలో గుచ్చుకునేంత పచ్చగా ఉంది.

ఇంత చిన్న దూరంలో ఇన్ని జలపాతాలు ఎలా వచ్చాయని బావ అడిగాడు (ఆసక్తి ఆయనకు మెల్లగా మొదలైంది). మంచుయుగం చివర్లో మంటానాలో మంచు అడ్డుకట్ట వెనక నిలిచిన ఒక మహా సరస్సు పదే పదే కట్ట తెంచుకుని ఈ లోయ గుండా పోటెత్తింది. ఆ వరదలు లోయ గోడలను నిలువునా కోసేశాయి. అంతకుముందు వాలు మీదుగా దిగి నదిలో కలిసే వాగులకు, కాళ్ల కింద నేల పోయాక, అంచు నుంచి దూకడం తప్ప మార్గం లేకపోయింది.

మల్ట్‌నోమా గురించి కొత్తగా చెప్పేదేముంది? రెండు అంచెల్లో 620 అడుగులు, ఎదురుగా 1925 నాటి రాతి లాడ్జి, నిండుగా జనం. రెండు అంచెల మధ్య వంతెనను 1914లో కలప వ్యాపారి సైమన్ బెన్సన్ డబ్బుతో కట్టారు. 1995లో పైనుంచి ఒక బ్రహ్మాండమైన బండరాయి ఊడి మడుగులో పడితే, వంతెన మీద ఫోటోలు దిగుతున్న పెళ్లివారు తడిసి, చిన్న చిన్న దెబ్బలతో బయటపడ్డారట. మేం వంతెన మీద నిలబడాలంటే సెల్ఫీ కర్రల మధ్య సందు వెతుక్కోవాల్సి వచ్చింది. పైకి చూస్తే కొండ మీద కాలిన చెట్ల మోళ్లు బూడిదరంగులో నిలబడి ఉన్నాయి. 2017 సెప్టెంబరులో ఒక కుర్రవాడు విసిరిన బాణసంచాతో ఈ లోయ తగలబడింది. లాడ్జిని అగ్నిమాపక సిబ్బంది కాపాడుకోగలిగారు. మోళ్ల కింద ఇప్పుడు పొదలు ఒత్తుగా లేచాయి.

నాకు నచ్చింది మాత్రం ఆ తర్వాతది, హార్స్‌టెయిల్. 176 అడుగులే. కానీ రోడ్డుకు ఎంత దగ్గరంటే, కారు ఆపగానే తుంపర వచ్చి అద్దాన్ని కమ్మేసింది, బావ వైపర్లు వేయాల్సి వచ్చింది. నీళ్లు రాతిని అంటిపెట్టుకుని దిగి, చివర్లో ఒక ఉబ్బెత్తు దగ్గర విచ్చుకుంటాయి. మడుగు అంచున కూర్చుంటే కాళ్ల కింది గులకరాళ్లలో అదురు తెలుస్తోంది. పక్కనుంచి అర మైలు కూడా లేని కాలిబాట ఎక్కితే పోనీటెయిల్ అనే మరో జలపాతం ఉంది. దాని వెనక గుహలా తొలిచిన రాతి కింద నుంచి నడిచి అవతలికి వెళ్లవచ్చు. ముందు నీటి తెర, దాని అవతల అడవి. పైకప్పు రాతి నుంచి కారే చుక్కలు సరిగ్గా మెడ మీదే పడుతున్నాయి. అక్క "ఇక చాలు, పదండి" అని పిలిచినా బావ కదల్లేదు, ఆ తొలిచిన రాతిని తడిమి చూస్తూ ఉండిపోయాడు.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట. వేసవిలో ఐ-84 వైపు మల్ట్‌నోమా పార్కింగుకు ముందుగానే సమయం బుక్ చేసుకోవాలి. అది దొరకలేదని దిగులు పడకండి, ఆ గంట హార్స్‌టెయిల్‌కు ఇవ్వండి. రోడ్డుకు ఎదురుగా ఉన్న స్థలంలో కొన్ని కార్లే పడతాయి, కాబట్టి పొద్దున్నే బయలుదేరండి. తుడుచుకోవడానికి ఒక తువ్వాలు దగ్గర ఉంచుకోండి.