వంటింటి నేలకు నేనే రంగు వేశాను, రెండుసార్లు

మా వంటింటి టైల్స్ 28 ఏళ్ల నాటివి. అడుగు పలకలు, మొత్తం 60. నాణెంతో తట్టి చూస్తే ఒక్కటీ బోలుగా మోగలేదు. కానీ సందుల్లో సిమెంటు నల్లబడింది, పలకల మీది పువ్వులు చెరిగిపోయాయి. గట్టిగా ఉన్న నేలను పగలగొట్టించడానికి మనసొప్పక రంగు వేద్దామనుకున్నాను.

మా ఊళ్లో పేరున్న రంగుల దుకాణానికి వెళ్లాను. నేల టైల్స్‌కు ఏ రంగు మంచిదని అడిగితే యజమాని నావైపు చూడకుండానే, "మీవారిని పంపించండమ్మా, ఆయనకు చెబుతాను" అన్నాడు. వేసేది నేనేనన్నాను. అక్కడున్న అయిదారుగురూ నవ్వారు. ఎనామెల్ డబ్బా ఒకటి తీసి ముందు పెట్టి, "ఇది దేనికైనా పట్టుకుంటుంది, తుడిచి వేసేయండి" అన్నాడు. ముందు ఉప్పు కాగితంతో రుద్దాలా అని అడిగాను. "టైల్స్‌ను ఎవరైనా రుద్దుతారా?" అన్నాడు. మళ్లీ నవ్వులు.

రెండు పూతలు వేసి, ఆరాక చూసి మురిసిపోయాను. అయిదో రోజున గ్యాస్ సిలిండర్ జరిపితే దాని అంచు వెంట రంగు పాలమీది తరకలా లేచింది. గోరు ఆనిస్తే చాలు, అరచేయంత పొర ఊడివచ్చింది. కింద పాత పలక నిగనిగలాడుతూ కనిపించింది.

ఆ పొరను కవరులో పెట్టుకుని మళ్లీ వెళ్లాను. "రంగులో లోపం లేదమ్మా, వేసిన చేతిలో ఉంది. ఇది ఆడవాళ్ల పని కాదని ముందే అన్నాను" అన్నాడు. డబ్బా తిప్పి చూపించాను. చెక్కకు, ఇనుముకు అని ఉంది, టైల్స్ మాటే లేదు. "చదివి కొనుక్కోవలసింది" అన్నాడు. ఇంటికి వచ్చేదాకా మొహం మండుతూనే ఉంది. తెలియకపోతే తెలియదని చెప్పవచ్చు, అందులో చిన్నతనం లేదు. తెలియని సరుకును తెలిసినట్టు అమ్మి, కొన్న మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేయడం మాత్రం అన్యాయం. ఎవరు నవ్వినా సరే, డబ్బా వెనుక రాసింది అక్కడే నిలబడి చదవండి.

ఊడగీకడానికి మూడు రోజులు పట్టింది.

టైల్ మీది మెరుపు గాజు పొర. గాజు మీద రంగుకు పట్టు దొరకదు. అందుకే ఈసారి చాకలి సోడాతో జిడ్డు వదలగొట్టి, 120 నంబరు ఉప్పు కాగితాన్ని తడిపి ప్రతి పలకనూ రుద్దాను. రుద్దని పలక మీద వేలు పెడితే జారుతుంది, రుద్దినదాని మీద ఆగుతుంది. ఆ తేడా తెలిసేదాకా వదలలేదు. బూడిదలాంటి పొడిని తడిగుడ్డతో మూడుసార్లు తుడిచి, ఒక రోజంతా ఆరనిచ్చాను.

వేరే వీధిలోని చిన్న దుకాణంలో ఒక కుర్రవాడు ఓపికగా వివరించి ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే పూత, రెండు డబ్బాల ఎపాక్సీ రంగు ఇచ్చాడు. ఎపాక్సీలో రంగు ఒక డబ్బాలో, గట్టిపరిచే ద్రవం మరోదాంట్లో వస్తాయి. కలిపాక అది డబ్బాలోనే గట్టిపడుతుంది కాబట్టి, చెప్పిన పాళ్లలో గంటలో అయిపోయేంతే కలుపుకోవాలి. వాసన ఘాటుగా ఉంటుంది, ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. సిలిండర్ బయట పెట్టి, కిటికీలు తెరిచి, వారం రోజులు వరండాలో కరెంటు పొయ్యి మీద వండుకున్నాం.

నేలంతా రంగు వేశాక పైన ముగ్గు అద్దడానికి స్టెన్సిల్, అంటే కోసిన అచ్చు, కొనలేదు. మా అత్తయ్య ముగ్గులు మా వీధిలో అందరికీ తెలుసు. ఆవిడ పద్మం గీసి, అందులో పావు భాగాన్ని తన పాత మోకాలి ఎక్స్‌రే ఫిల్ము మీద కోయించారు. నాలుగు పలకలు కలిసే మూలకు పద్మం నడిమధ్య వస్తుంది. 60 పలకలకు 15 పద్మాలు, ఒక్క రేకు కూడా తప్పలేదు. ఇంత చక్కని నేల మా వీధిలో మరొకటి లేదని ధైర్యంగా చెప్పగలను. స్పాంజిని రంగులో ముంచి, కాగితం మీద అద్ది, దాదాపు పొడిగా అయ్యాకే ఫిల్ము మీద నిలువుగా అద్దాలి. తడి ఎక్కువైతే రంగు అంచు కిందికి పాకుతుంది. ప్రతి పలకకూ ఫిల్ము వెనుక తుడవాలి. పైన రెండు పూతలు పాలియురేథేన్ వార్నిష్ వేశాను.

నీళ్లు నిలిచే స్నానాల గదిలో మాత్రం నేనైతే వేయను.

నిన్నటితో ఏడు రోజులయింది. సిలిండర్ లోపలికి తెచ్చి పాత చోటనే జరిపాను. కిందికి వంగి అంచు వెంట గోటితో గీశాను. ఏమీ లేవలేదు. అత్తయ్య కూడా వచ్చి, పక్క పద్మం మీద అరచేత్తో నిమిరి చూశారు.