ఖాళీ గ్లాసుకి చెమట

పొద్దున నాన్న ఫ్రిజ్‌లోంచి వాటర్ బాటిల్ తీసి పేపర్ మీద పెట్టారు. కాసేపటికి పేపర్ గుండ్రంగా తడిసిపోయింది. "ఈ బాటిల్ కారుతోందిరా, పారెయ్" అన్నారు.

"కారడం కాదు నాన్నా, గాల్లో ఉన్న నీటి ఆవిరి చల్లటి బాటిల్‌కి తగిలి నీరవుతోంది."

"గాల్లో అన్ని నీళ్లుంటే మనం తడిసి ముద్దవ్వాలి కదా?"

మంచి ప్రశ్న. సైన్సు చెప్పేవాళ్లకి ఇలా అడ్డం తగిలేవాళ్లే కావాలి. ఊరికే తలూపేవాళ్లకి ఎంత ఎక్కిందో మనకి తెలిసి చావదు.

కాగితం తీసి లెక్కేశాను. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలిలో మహా అయితే 30 గ్రాముల నీటి ఆవిరి ఉండగలదు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న గదిలో తేమ 60 శాతం (అంటే గాలి పట్టగలిగినదాంట్లో 60 శాతం) అనుకుంటే, మన చుట్టూ అర లీటరుకి పైనే నీళ్లున్నట్టు. వాయువుగా ఉన్నాయి కాబట్టి కనిపించవు, తడపవు. గాలి 10 డిగ్రీలకి చల్లబడితే మాత్రం ఘనపు మీటరుకి పట్టేది 9 గ్రాములకి కాస్త పైన, అంతే. మిగతాది ఎక్కడో ఒకచోట నీరుగా దిగాల్సిందే.

లెక్క బాగానే ఉందన్నారు. నమ్మినట్టు మాత్రం లేరు. సరే, స్టీలు గ్లాసు పొడిగా తుడిచి, ఖాళీగా ఫ్రీజర్‌లో పెట్టమన్నాను. ఆయన చేత్తోనే. పావుగంటయ్యాక తీసి బల్ల మీద పెట్టారు. చూస్తుండగానే మెరుపంతా పోయి గ్లాసు మసకబారింది. నాన్న వేలితో గీత గీశారు. వేలు తడిసింది. గ్లాసు బోర్లించి కూడా చూశారు, నేనేమైనా నీళ్లు పోశానేమోనని!

"లోపల చుక్క లేదు, ఇంక కారేదేముంది" అని నాకే వివరించారు. కాసేపాగి, "ఏసీ గదిలోంచి బయటికొస్తే కళ్లజోడు మసకబారేది ఇందుకేనా?" అన్నారు. ఇది నేను చెప్పలేదు, ఆయనే పట్టుకున్నారు.

సాయంత్రం కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగిస్తే పక్కింటి పాప వచ్చి కూర్చుంది. "బాబాయ్, కాలేది ఒత్తా, మైనమా?"

ఈ కొవ్వొత్తి మీదే మైకేల్ ఫారడే 1860-61 చలికాలంలో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఆరు ఉపన్యాసాలిచ్చాడు. అంత పెద్ద శాస్త్రవేత్త, ఎంచుకుంది మాత్రం అప్పట్లో ఏ ఇంట్లోనైనా దొరికే వస్తువు. ఇంటికెళ్లి ఎవరికి వాళ్లు మళ్లీ చేసి చూసుకోవచ్చు. నాకు ఆయనలో బాగా నచ్చేది ఇదే.

ఆయన చూపించిందే చేశాను. కొవ్వొత్తి ఊదగానే ఒత్తి నుంచి తెల్లటి పొగ లేచింది. వెలిగించిన అగ్గిపుల్లని ఒత్తికి తగలనీయకుండా, కాస్త పైనే ఆ పొగకి అందించాను. మంట పొగ వెంట కిందికి దూకి ఒత్తిని అంటించేసింది. ఆ పొగ, మైనం ఆవిరి చల్లబడి కనిపించేలా మారిన సన్నటి తుంపర. కాలేది ముఖ్యంగా మైనం ఆవిరే.

"మరి ఒత్తెందుకు?"

కాగితం ముక్క చించి, కొస నీళ్లలో ముంచమన్నాను. తడి పైకి పాకడం చూసింది. "కరిగిన మైనం కూడా ఇలాగే ఎక్కుతుందా?" అంది. ఈలోగా కరెంటొచ్చింది. లైటు ఆర్పమని ఒకటే గొడవ, ఇంకోసారి చూడాలట. అగ్గిపెట్టె మాత్రం తనకివ్వలేదు.