పదకొండో వచనం

బైబిలులో యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయంలోని 11వ వచనాన్ని ముందూ వెనుకా లేకుండా ఎవరైనా చదివితే నాకు ఇంత చిరాకు ఎందుకు కలుగుతుందో కాగితం మీద పెట్టి చూసుకుంటే తప్ప ఈ రాత్రి నిద్ర పట్టేటట్టు లేదు. గుంటూరు బ్రాడీపేటలో పెద్దమ్మ ఇంట్లో సాయంత్రం కుటుంబ కూడిక జరిగింది. వాక్యం చెప్పడానికి వచ్చిన దైవసేవకుడు ఆ ఒక్క వచనమే తీసి, మీ గురించి నేను తలచినవి మేలుకే గానీ కీడుకు కావు, రాబోయే కాలంలో మీకు నిరీక్షణ కలగడానికే అని దేవుడు అన్న మాట చదివి, "ఈ సంవత్సరం ముగియక ముందే ఈ ఇంటి బిడ్డకు ఉద్యోగం ఖాయం, ఇది దేవుడు మీకిచ్చిన వాగ్దానం" అని గట్టిగా చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. తమ్ముడు తల దించుకుని కూర్చున్నాడు. నేను ఆమెన్ అనకపోవడం మా ఆయన గమనించి, ఇంటికి వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు.

ఆ మాటలు ఒక ఉత్తరంలోనివి. యెరూషలేము నుండి బబులోనుకు చెరగా పోయిన వారికి యిర్మీయా ప్రవక్త రాసి పంపిన ఉత్తరం అది. సరిగ్గా పై వచనంలోనే, బబులోనుకు డెబ్బై సంవత్సరాలు గడిచిన తరువాతనే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది ఇల్లు చేరకుండానే కన్నుమూస్తారన్నమాట. అటువంటి వారికి దేవుడు చెప్పినదేమిటంటే, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని. తొందరలేనివాడు, శత్రువు ఊరు కూడా చల్లగా ఉండాలని కోరుకోమనేవాడు, చెరకు పంపినది తానేనని దాచకుండా చెప్పేవాడు అయిన దేవుడు ఆ ఉత్తరంలో కనబడతాడు. 11వ వచనాన్ని మాత్రమే కత్తిరించి గులాబీల బొమ్మ మీద అతికిస్తే మిగిలే దేవుడు మనం అడిగినది అడిగిన తేదీకి అందించేవాడు. వాట్సాప్‌లో రోజూ పొద్దున్నే వచ్చేది ఆయనే.

దీనికి ముందున్న 28వ అధ్యాయాన్ని ఏ కూడికలోనూ ఎవరూ ఎందుకు చదవరో నాకు తెలుసు. అందులో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలో అందరూ తిరిగి వస్తారని దేవాలయంలో జనమందరి ముందు చెప్పి, బబులోను రాజుకు లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరిచేశాడు. జనానికి డెబ్బై కంటే రెండు ఎంత బాగా వినబడి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. సాయంత్రం ఆ దైవసేవకుని మాట వింటున్నంతసేపూ నాకు హనన్యాయే గుర్తుకు వచ్చాడు.

ఇంత కోపంగా రాస్తున్నాను గానీ, మా నాయనమ్మకు తెలిసినదంతా ముక్కలే. తెనాలి దగ్గరి పల్లెలో ఆమెకు చదువు లేదు. ఇంటింటికీ తిరిగే బైబిలు స్త్రీ ఒకామె నోటితో చెప్పించిన వచనాలు కొన్ని ఆమెకు కంఠతా వచ్చు. వాటిలో నాయనమ్మకు ప్రాణమైనది రోమా పత్రిక 12వ అధ్యాయంలోని మాట: నీ శత్రువు ఆకలిగొనియుంటే అతనికి భోజనము పెట్టుము, ఆలాగు చేయుటవలన అతని తలమీద నిప్పులు కుప్పగా పోయుదువు. భోజనం సంగతి కంటే నిప్పుల సంగతి ఆమెకు ఎక్కువ నచ్చిందని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు. ఉమ్మడి గోడ విషయంలో తోడికోడలితో మాటలు లేవు. అందుకని చేపల పులుసు కాచినా, పండుగకు అరిసెలు వండినా ఒక గిన్నె అవతలి ఇంటికి పంపేది. గిన్నె మోసేది నేను. తిరిగి రాగానే, "దాని మొహం ఎట్లా పెట్టిందే?" అని ఆత్రంగా అడిగేది. నేనూ ఉన్నదానికి కొంచెం కలిపి చెప్పేదాన్ని. మొహం మాడ్చుకుందంటే నాయనమ్మకు ఆ పూట అన్నం సహించేది.

కొన్నేళ్లకు ఆ ప్రశ్న మారిపోయింది. ఎప్పుడు మారిందో నేను పట్టించుకోలేదు, ఒక సెలవులకు వెళ్లినప్పుడు గిన్నె ఇచ్చి వస్తే, "కారం ఎక్కువైందన్నదా? దానికి కడుపులో మంట" అని అడిగింది. చివరి రోజులలో ఆ తోడికోడలి మంచం పక్కన రాత్రిళ్లు కూర్చున్నది మా నాయనమ్మే. గోడ తగవు మాత్రం తీరలేదు. ఆ పత్రిక రాసిన పౌలు ఆ తరువాతి వచనంలో మేలు చేత కీడును జయించమన్నాడని ఆమెకు ఎవరూ చెప్పలేదనుకుంటాను. వచనాన్ని ఆమె తప్పుగానే పట్టుకుంది, అయినా అది ఆమెను వదలలేదు.

అసలు ఈ గుంటూరుకు లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో వచ్చేనాటికి తెలుగులో పూర్తి బైబిలు అచ్చు కాలేదు. కొత్త నిబంధన 1818లో బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయింది. ముందూ వెనుకా అంతా చదివాకే ఒక్క వచనం పలకాలని నేను పట్టుబడితే మా నాయనమ్మకే కాదు, ఆ తొలి విశ్వాసులకు కూడా నోరు ఉండేది కాదు. కాబట్టి ముక్క మీద నా ఫిర్యాదు నిలవదు. నాయనమ్మ ముక్క ఆమెను ఏదో ఒకటి చేయమంది, రోజూ ఒక గిన్నె నింపమంది. ఈ సాయంత్రపు ముక్క తమ్ముణ్ణి కూర్చుని ఎదురుచూడమంది, అంతే. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అన్న మాట చదివి ఉంటే, అనుకున్న ఉద్యోగం వచ్చేదాకా బతుకును ఆపుకుని కూర్చోనక్కరలేదని వాడికి తోచేదేమో.

ఇంకొక సంగతి, ఇప్పుడే 28వ అధ్యాయం మళ్లీ తీసి చూస్తే కంటబడింది. హనన్యా రెండేళ్లని చెప్పగానే యిర్మీయా మొదట అన్న మాట "ఆమెన్". యెహోవా ఆలాగున చేయునుగాక అని కూడా అన్నాడు. అది వెటకారమని కొందరంటారు. నాకలా అనిపించలేదు, తన జనం తొందరగా తిరిగి రావాలని ఆయనకు మాత్రం ఉండదా? తరువాతే ఆయన తన మాట చెప్పాడు. మా ఆయనకు ఈ వచనం చూపిస్తే, "అయితే నువ్వూ అనాల్సింది" అని అటు తిరిగి పడుకున్నారు.

తమ్ముడికి రేపు ఫోను చేసి, ఉద్యోగం రావాలని నేనూ ఆమెన్ అంటున్నానని ముందు చెప్పి, ఆ తరువాత 29వ అధ్యాయం మొదటి వచనం నుంచి చదవమంటాను. డెబ్బై దగ్గరికి వచ్చేసరికి వాడు కోపగించుకుంటాడు, తెలుసు.