కాటా వేయించావా?

2023 మార్చిలో ఒక ఆదివారం పొద్దున, డాలస్‌లో మా ఇంటి ముందు నిలబెట్టిన పికప్ తలుపు తెరిచి, నాన్న వంగి దాని అంచున అంటించిన స్టిక్కర్ చదువుతున్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు లారీలు తిప్పిన మనిషి. ఏ బండి కనపడినా ముందు టైర్లు చూస్తాడు, తర్వాత కమాను కట్టలు చూస్తాడు. రంగు గురించి ఆఖర్న, అదీ బుద్ధి పుడితేనే.

"మనుషులూ సామానూ కలిపి 1,610 పౌండ్లు మించకూడదని రాశాడ్రా. నువ్వు కొంటానంటున్న గది ఎంత బరువుంటుంది?"

గది అంటే ట్రక్ క్యాంపర్. పికప్ వెనక తొట్టిలో కూర్చోబెట్టే చిన్న ఇల్లు. పొయ్యి, ఫ్రిజ్, సింకు, బాత్రూమ్, డ్రైవర్ నెత్తి మీదకు చొచ్చుకొచ్చిన మంచం, అన్నీ అందులోనే. వేసవి సెలవుల్లో యూటా నేషనల్ పార్కులు చూడాలని మా ఆవిడ మూడేళ్లుగా అంటోంది. హోటళ్లకు పెట్టే డబ్బులతో పాత క్యాంపర్ ఒకటి వచ్చేస్తుందని నా లెక్క. మీ బండికి సరిగ్గా సరిపోతుందని అమ్మేవాడు ఫోన్లో చెప్పాడు. బరువు 1,900 పౌండ్లన్నాడు. ఆ మాటే నాన్నకు చెప్పాను.

ఆయన కరెంటు బిల్లు కవరు వెనక లెక్క మొదలుపెట్టాడు. ఉత్త క్యాంపర్ 1,900. నీళ్లు ముప్ఫై గ్యాలన్లు, గ్యాలన్‌కు 8.3 పౌండ్ల చొప్పున 250. నేనూ, మా ఆవిడా, పిల్లాడూ, ఆయనా కలిసి 600. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, బియ్యం, పచ్చళ్లు, బట్టలు 300. కూడితే 3,050. బండి మోయగలిగినదానికి దాదాపు రెట్టింపు.

"అమ్మేవాడు నీకు ఖాళీ డబ్బా బరువు చెప్పాడు. డబ్బాలో మనం ఉండమా?" అన్నాడు. చెన్నై లోడుకు ఒప్పుకునే ముందు లారీ ఓనరు అడిగే ప్రశ్న అది. ఆదివారం మధ్యాహ్నానికి నా క్యాంపర్ కల అలా ముగిసింది.

చివరికి కొనడం మానేసి, క్యాంపర్ బిగించి ఉన్న వన్ టన్ ట్రక్కును (టన్ను పేరుకే, ఇంకా పెద్ద తరగతి పికప్ అది) జూన్‌లో పదహారు రోజులకు అద్దెకు తీసుకున్నాం. దాని స్టిక్కర్ మీద 4,000 పైచిలుకు ఉంది. నాన్న దాన్నీ చదివాకే నన్ను సంతకం పెట్టనిచ్చాడు.

దారిని మ్యాపులో మైళ్లు చూసి కాకుండా ఎత్తులు చూసి వేసుకున్నాం. ఈ ఉపాయం మాత్రం మా ఆవిడది. జూన్‌లో ఎర్ర రాతి యూటా అంటే మన రెంటచింతల ఎండే. కానీ వెయ్యి అడుగులు పైకెక్కితే మూడు నుంచి ఐదు డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. మోయాబ్ ఊరు నాలుగు వేల అడుగుల మీద, క్యాపిటల్ రీఫ్‌లో ఫ్రూటా ఐదున్నర వేల మీద, బ్రైస్ క్యాన్యన్ అంచు ఎనిమిది వేల మీద. అంటే మొదట ఎండ తిని, రోజురోజుకూ చల్లబడుతూ పైకి పోయి, ఆఖర్న జాయన్ లోయలోకి దిగాలి. రెండు రాత్రులు ఎండకు వేగితే చాలు.

మోయాబ్ పక్కనే ఉన్న ఆర్చెస్ పార్కు లోపలి క్యాంపుగ్రౌండ్ బుకింగు ఆరు నెలల ముందే తెరుస్తారు. మేం చూసేటప్పటికి జూన్ మొత్తం నిండిపోయింది. ఆ ఏడాది పార్కులోకి వెళ్లడానికే, ఏ గంటకు వస్తామో ముందే బుక్ చేసుకునే టైమ్ టికెట్ కావాల్సి వచ్చింది. అయితే ఉదయం 7 లోపు వచ్చినవాళ్లకు అక్కర్లేదన్నారు. "ఏడు లోపా? నేను నాలుగింటికే లేస్తాను కదరా, దానికింత ఆలోచనెందుకు?" అని నాన్న తేల్చేశాడు. పడుకోవడానికి మోయాబ్ చుట్టుపక్కల ప్రభుత్వ భూములు ఉన్నాయి. కొన్ని చోట్ల ఉచితం. నీళ్లుండవు, కరెంటుండదు, పక్కింటివాడూ ఉండడు. క్యాంపర్ ఉన్నది అందుకే. ఇంకో 80 డాలర్లు పెట్టి ఏడాది పాసు కొంటే బండిలో ఉన్న అందరికీ అన్ని పార్కుల ప్రవేశమూ అయిపోయింది.

సామాను సర్దేటప్పుడు ఇంట్లో చిన్న యుద్ధం. కరెంటు రైస్ కుక్కర్ క్యాంపర్ బ్యాటరీ మీద నడవదు. ఆ మాట మా ఆవిడ నమ్మడానికి రెండు రోజులు పట్టింది. ప్రెషర్ కుక్కర్, రెండు గిన్నెలు, ఒక మూకుడు. ఆవకాయ, మాగాయ గాజు సీసాల్లోంచి ప్లాస్టిక్ డబ్బాల్లోకి మారాయి. అమ్మ మా చెల్లెలి పురిటికి న్యూజెర్సీలో ఉండిపోయింది కాబట్టి, ఏది ఎంత తీసుకెళ్లాలో రోజుకు రెండుసార్లు వీడియో కాల్‌లో చెప్పేది.

బయల్దేరిన రోజు ఊరు దాటుతూనే హైవే పక్క ట్రక్ స్టాప్‌లో ఆపించాడు నాన్న. "కాటా వేయించావా?" ఇక్కడి కాటా భలే ఉంది. ముందు ఇరుసు ఒక పలక మీద, వెనక ఇరుసు ఇంకో పలక మీద ఆగేలా బండి ఎక్కించి, కిటికీలోంచి మీట నొక్కి మైకులో చెబితే లోపలివాళ్లు తూచి చీటీ ఇస్తారు. పద్దెనిమిది చక్రాల లారీల వరసలో మా గది బండి. వెనక ఇరుసు మీద హద్దుకు 240 పౌండ్లు తక్కువ. నాన్న ఆ చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మామూలుగా అక్కడ బీపీ మాత్రలుంటాయి.

తర్వాత టేపు తెమ్మన్నాడు. అద్దెకిచ్చినవాళ్లు ఎత్తు పదకొండు అడుగులన్నారు. నేల మీంచి ఏసీ డబ్బా నెత్తి దాకా కొలిస్తే 11 అడుగుల 7 అంగుళాలు. అది కాగితం మీద రాసి స్టీరింగు పక్కన అంటించాం. ఆ ఏడంగుళాల సంగతి తర్వాత చెబుతాను.

టెక్సస్ ఉత్తరం కొసన అడ్డగాలి. స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని గంటకు అరవై మైళ్లలో పోతుంటే గ్యాలన్‌కు పది మైళ్లు వచ్చింది. న్యూ మెక్సికో దాటి, మోయాబ్ చేరేసరికి రెండున్నర రోజులు. ఆ దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆగిన ప్రతిచోటా నాన్న దిగి, గదిని తొట్టికి పట్టి ఉంచే నాలుగు మూలల బిగింపులూ చేత్తో లాగి చూసేవాడు. రెండుసార్లు ఒకటి సడలింది కూడా.

ఆర్చెస్‌లో ఆరున్నరకే గేటు దాటాం. ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ కింద, అంటే కాస్త దూరంగా, నిలబడ్డాం. 306 అడుగుల పొడవున సన్నటి రాతి కమాను గాలిలో ఉంది. 1991లో దాని అడుగు నుంచి పెద్ద రాతి పెచ్చు ఊడిపడ్డాక కిందికి వెళ్లనివ్వడం మానేశారు. నాన్న చాలాసేపు చూసి, "దీనికి లోడు ఎక్కువైంది" అన్నాడు. పదకొండు దాటేసరికి వంద డిగ్రీల ఫారెన్‌హీట్. మావాడు నీడ కోసం బండి కిందకు దూరాడు.

క్యాపిటల్ రీఫ్‌కు చెర్రీల కోసం వెళ్లాం. 1880లలో స్థిరపడిన మోర్మన్ కుటుంబాలు ఫ్రూటాలో వేసిన పళ్లతోటలను పార్కువాళ్లు ఇప్పటికీ సాగుచేస్తున్నారు. చుట్టూ ఎర్రటి కొండలు, మధ్యలో పచ్చటి చెట్లు, రెండు వేల దాకా ఉంటాయి. తోట తెరిచాక లోపల నిలబడి ఎన్ని తిన్నా ఉచితం. బయటికి తీసుకెళ్లేవాటికే తూచి డబ్బులు వేయాలి. మేం వెళ్లిన వారం కాయలింకా ఆకుపచ్చగానే ఉన్నాయి, ఏ తోటా తెరవలేదు. మా ఆవిడ మొహం మాడిపోయింది. నాన్నకు మాత్రం పళ్ల ధ్యాసే లేదు. ఫ్రీమాంట్ నది నుంచి తోటల్లోకి పారే కాలవ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లిపోయాడు. గంట తర్వాత వచ్చి, నీళ్లు ఏ మడిలోకి ఎలా మళ్లిస్తున్నారో చెప్పుకొచ్చాడు. పుట్టిందీ పెరిగిందీ కృష్ణా కాలవ గట్టున. ఈ ప్రయాణంలో ఆయన ఎక్కువ మాట్లాడింది ఆ సాయంత్రమే. చిన్నప్పుడు వంతు నీళ్ల కోసం రాత్రుళ్లు గట్టు మీద కాపలా పడుకున్న సంగతి, నలభై ఏళ్లొచ్చిన నేను మొదటిసారి యూటాలో విన్నాను.

బ్రైస్‌లో చలి. జూన్‌లో స్వెట్టర్లు. అక్కడ నీళ్లు దాదాపు 92 డిగ్రీల సెంటిగ్రేడుకే మరుగుతాయి కాబట్టి విడిగా పెట్టిన పప్పు ఎంతకీ ఉడకదు. ప్రెషర్ కుక్కర్లో కూడా రెండు విజిల్స్ ఎక్కువ పడ్డాయి. ఆ విజిల్ మొదటిసారి వినిపించినప్పుడు పక్క టెంటులోంచి ఒకాయన పరుగెత్తుకొచ్చాడు, గ్యాస్ లీకేమో అని. ఆయనకు పప్పన్నం పెట్టి పంపాం. తెల్లవారి అంచున నిలబడితే కింద వేల రాతి స్తంభాలు. పగుళ్లలో చేరిన నీరు రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, ఏడాదిలో సగం రోజులు ఇదే పనిగా రాతిని చెక్కుతుందట. ఈ లోయకు పేరిచ్చిన ఎబినీజర్ బ్రైస్, ఆవు తప్పిపోతే వెతకడానికి ఇంత పాడు చోటు ఇంకోటి లేదన్నాడని చెబుతారు. నాన్నకు ఆ మాట తెగ నచ్చింది. అమ్మకు ఫోన్ చేసి అదొక్కటే చెప్పాడు.

ఇక ఏడంగుళాల సంగతి. జాయన్‌కు తూర్పు నుంచి వెళ్లే దారిలో కొండను తొలిచిన సొరంగం ఉంది. 1930లో పూర్తయింది, పొడవు మైలు పైన. అప్పటి కార్ల కొలతకు తొలిచింది. 11 అడుగుల 4 అంగుళాలు, ఆ పైన ఎత్తున్న బండి తన వరసలో పట్టదు, పైకప్పు అంచున వంగుతుంది. మేం వెళ్లినప్పుడు అలాంటివాటికి 15 డాలర్లు కట్టించుకుని, ఎదుటివైపు రాకపోకలు ఆపి, నడిమధ్యగా పంపించేవాళ్లు. అద్దెవాళ్లు చెప్పిన పదకొండే నమ్మి ఉంటే ఆ గేటు దగ్గర నేను నోరు మూసుకుని వెళ్లిపోయేవాణ్నే. డబ్బు కట్టాం. మా వంతు రాగానే నడిమి గీత మీద బండి పోనిచ్చాను. చీకటి. అక్కడక్కడ రాతిలో తొలిచిన కిటికీల్లోంచి లోయ మెరిసి మాయమవుతోంది. వెనక సీట్లోంచి నాన్న మెడ పైకెత్తి కప్పునే చూస్తున్నాడు.

బయటపడగానే మెలికల దిగుడు. "బ్రేకు మీంచి కాలు తియ్యి. గేరు దించు. ఇంజనే ఆపుతుంది" అన్నాడు. నాకు పదహారేళ్లప్పుడు శ్రీశైలం ఘాటులో క్లీనరుకు చెప్పినట్టే చెప్పాడు. అడుగుకు దిగి బండి పక్కకు తీయగానే కిందికి దూకి, ముందు చక్రాల దగ్గర చేయి వెనక్కి తిప్పి వేడి చూశాడు.

"పది నిమిషాలు ఆగుదాం."

మా ఆవిడ పెరుగన్నం డబ్బా తీసింది. మాగాయ అయిపోయిందని అప్పుడే తెలిసింది.