20 డిగ్రీల లెక్క

కిందటి సెలవుకు ముమ్మిడివరం వచ్చేసరికి మా బావగారి ఆటోమేటిక్ గేర్ల కారు ఏటిగట్టు దిగువన ఒక షెడ్డులో కదలకుండా ఉంది. వరదనీరు రెండు రోజులు ఇంటి ముంగిట నిలిచినప్పుడు ఆ కారు కింది భాగం తడిసిందట. నీరు తీశాక నెలరోజులు బాగానే తిరిగి, ఆ తరువాత ఒకే గేరులో బిగుసుకుపోయింది. ఎంత తొక్కినా మూడో గేరు తప్ప మరొకటి పడదు. షెడ్డు మేస్త్రిగారు నన్ను చూడగానే, “సాలినాయిడ్లన్నీ మీటరు పెట్టి చూశానండి, ఒక్కోటీ 13 ఓములు చూపిస్తోంది. అవి బాగున్నాయంటే లోపల గేర్‌బాక్సే పోయినట్టండి, ఆయ్” అన్నారు. సాలినాయిడ్ అంటే గేర్‌బాక్సులో నూనెదారిని కరెంటుతో తెరిచి మూసే కవాటం, ఓము అంటే దాని తీగ నిరోధానికి కొలమానం. ఆయన కొలత సరైనదే. తీర్పు విషయంలోనే నాకు అనుమానం కలిగింది, ఎందుకంటే పదకొండేళ్ల కిందట కువైట్‌లో నేనూ ఒక ఓముల లెక్కను నమ్మి బోల్తా పడ్డాను.

షువైఖ్ పారిశ్రామికవాడలో నేను పనిచేసిన షెడ్డుకు రేకుల కప్పు. జూన్ నుంచి ఆగస్టు వరకు పగలు పదకొండు నుంచి నాలుగు దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది గాని, కప్పు కింద ఉన్నవారికి అది వర్తించదు. రేకు కింద వేడి ఎలా ఉంటుందో ఆ నిబంధన రాసినవారికి తెలియదేమో. అలాంటి ఒక మధ్యాహ్నం, వేడెక్కితే గేర్లు మారడం మానేస్తున్న బండి ఒకటి వచ్చింది. బండి కంప్యూటరు గుర్తించిన లోపాలను చదివే స్కానర్‌లో పీ 0753 కోడ్ పడింది, అంటే మొదటి షిఫ్ట్ సాలినాయిడ్ విద్యుత్ వలయంలో లోపమని అర్థం. రోడ్డు మీద నుంచి వచ్చిన వేడి బండికే మీటరు పెడితే 16.6 ఓములు వచ్చింది. బండి మరమ్మతు పుస్తకంలో 11 నుంచి 15 వరకు ఉండాలని ఉంది. నేను ఇంకేమీ ఆలోచించకుండా గేర్‌బాక్సు కింది నూనె పాన్ విప్పి సాలినాయిడ్ మార్చేశాను. వారం తిరగకుండా ఆ బండి అదే కోడ్‌తో వెనక్కి వచ్చింది.

మా ఫోర్‌మన్ మలయాళీ, మాట తక్కువ మనిషి. కొలిచినప్పుడు గేర్‌బాక్సు నూనె ఎంత వేడిగా ఉందని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. పుస్తకంలోని అంకె పక్కన చిన్న అక్షరాలతో ‘20 డిగ్రీల వద్ద’ అని ఉన్నదాన్ని అప్పుడు చూపించాడు. సాలినాయిడ్ లోపల ఉన్నది రాగితీగ చుట్టే గనుక, డిగ్రీకి దాదాపు 0.39 శాతం చొప్పున దాని నిరోధం పెరుగుతుంది. 20 డిగ్రీల వద్ద 13 ఓములున్న చుట్ట 90 డిగ్రీలకు చేరితే 16.6 చూపించడమే న్యాయం. నేను తీసి పారేసిన సాలినాయిడ్‌కు ఏ రోగమూ లేదు. అసలు లోపం గేర్‌బాక్సు లోపలి వైరు అతుకులో ఉంది. వేడికి అది సాగి విడిపోయి, చల్లారగానే మళ్లీ అంటుకునేది. ఆ పాన్ రెండోసారి విప్పిన కూలి నా జీతంలోనే పోయింది.

ఇక బావగారి కారు సంగతి. మూడో గేరులో బిగుసుకోవడం రోగం కాదు, రక్షణ. లోపలికి వచ్చే వేగం, బయటికి పోయే వేగం, నూనె వేడి, యాక్సిలరేటర్ తెరిచిన మేర, ఇవన్నీ చూసి కంప్యూటరు సాలినాయిడ్లకు కరెంటు ఇస్తుంది. అవి నూనెదారులు తెరిస్తే క్లచ్‌లు పట్టుకుంటాయి. సమాచారం నమ్మదగినదిగా లేకపోతే కంప్యూటరు కరెంటు మానుకుంటుంది. కరెంటు లేకపోయినా బండి ఇల్లు చేరేలా ఒక గేరు నిలబడే ఏర్పాటు ఆ నూనెదారులలోనే ఉంటుంది. కాబట్టి బిగుసుకున్న గేరును చూసి పెట్టె పోయిందనడం తొందరపాటు.

ముందుగా కొంచెం నూనె తీసి తెల్లగుడ్డ మీద వేశాను. గేర్‌బాక్సు గాలిగొట్టం ద్వారా వరదనీరు లోపలికి పోయి ఉంటే అది రాజమండ్రి రోజ్ మిల్క్‌లా తయారై, క్లచ్ పలకల పూతను ఊడదీసేది. నూనె ఎర్రగా, తేటగా ఉంది, మాడు వాసన లేదు. తరువాత స్కానర్ పెడితే పీ 0715, పీ 0705 కనిపించాయి: ఒకటి లోపలి వేగం సెన్సర్ వలయానిది, రెండోది గేరు లివర్ స్థానం చెప్పే స్విచ్‌ది. గేరు జారుతోందని చెప్పే పీ 0730 లేదు. రెండూ వలయాల ఫిర్యాదులే గనుక నేను వైర్ల వెంట వెళ్లాను. గేర్‌బాక్సు పైనున్న కనెక్టర్ తెరిస్తే పిన్నుల నిండా పచ్చటి చిలుము.

మేస్త్రిగారు నొచ్చుకున్నారు. వైరు కూడా కొలిచారట, సున్నా ఓము చూపించిందట. అదీ నిజమే. పది పోగుల్లో తొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా మీటరు పంపే చిన్న కరెంటుకు ఆ ఒక్కటి చాలు. కాలువ తలదగ్గర నీరు కనబడినంత మాత్రాన శివారు చేలకు అందినట్టా? సెన్సర్ తగిలించి, తాళం తిప్పి కొలిస్తే బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులున్నవి కనెక్టర్ దగ్గర తొమ్మిదికి పడిపోయాయి. ఈ మాట ఆయనకు వెంటనే పట్టింది. వరిచేను ఉన్నవాడికి శివారు సంగతి చెప్పాలా!

కుళ్లిన వైర్లు కోసి కొత్తవి అతికి, కనెక్టర్ మార్చి, స్విచ్ శుభ్రం చేసి, కంప్యూటరు నేర్చుకున్న పాత లెక్కలు చెరిపేశాం. డెల్టాలో ఎత్తుపల్లాలు ఎక్కడివి, గేరు దిగడం పరీక్షించాలంటే వారధి ఎక్కాల్సిందే. ఎదుర్లంక నుంచి యానాం దాకా నాలుగుసార్లు తిప్పాం. గేర్లన్నీ పడ్డాయి.

షెడ్డుకు రాగానే మేస్త్రిగారు వేడి బండికే మీటరు పెట్టి, గాబరాగా నావైపు తిరిగారు. “ఇదేంటండీ, మొన్న 13 చూపించింది ఇప్పుడు 16కి దగ్గరగా ఉంది?” నేను స్కానర్‌లో నూనె వేడి చూపించాను. 88 ఉంది. ఆయన సుద్దముక్క తీసుకుని, గోడ మీద ఫోన్ నంబర్ల మధ్య ‘16 – 88 డిగ్రీలు’ అని రాసుకున్నారు.