గడప దాటని వలస

ఆదివారం. ఇంకా పళ్లయినా తోముకోకముందే అమ్మ ఫోను. "మన ఊరిని మునిసిపాలిటీలో కలిపేశారట. ఇక మనదీ పట్నమేనట. ఉపాధి పని ఉంటుందా మరి?"

ఉండదు. ఆ పథకం పల్లెలకే. ఇంటి పన్ను మాత్రం పెరగవచ్చు. ఆ రెండో మాట నేను చెప్పలేదు, ఎలాగూ నోటీసు చెబుతుంది.

ఉప్మా చల్లారిపోయేదాకా అదే ఆలోచన. బస్సెక్కి హైదరాబాదు వచ్చి పట్నవాసినయ్యాను నేను. అమ్మ గడప దాటకుండానే అయిపోయింది.

మాకు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు లేకపోయినా జనగణన వాళ్లు ఒక ఊరిని పట్టణమని రాసుకోవచ్చు. దానికి 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి. పనిచేసే మగవాళ్లలో 75 శాతం మంది సేద్యం కాని పనుల్లో ఉండాలి. మగవాళ్లలోనే! సేద్యం మానేసి ఎరువుల కొట్లో పద్దులు రాసే నాన్న ఆ లెక్కలోకి వస్తాడు. నాట్లకూ కలుపుకూ పోయే అమ్మ రాదు. ఇలాంటి జనగణన పట్టణాలు 2001లో 1,362 ఉంటే, 2011కి 3,894 అయ్యాయి. వాటిలో ఎన్ని ఊళ్ల ఆడవాళ్లు ఇంకా మడిలోనే ఉన్నారో!

ఆ 2011లో మన దేశంలో పట్టణవాసులు 31 శాతం. 1978లో 18 శాతం దగ్గరున్న చైనా 2011లోనే సగం దాటింది. కర్మాగారాలు పిలిచాయి, జనం వెళ్లారు. కానీ కోట్లమందికి హుకౌ, అంటే ఏ ఊరివాళ్లో చెప్పే సర్కారీ నమోదు కాగితం, పల్లె పేరుమీదే ఉండిపోయింది. మనిషి పట్నంలో, హక్కులు పల్లెలో. ఇంగ్లండు 1851 నాటికే, అమెరికా 1920 నాటికి సగం దాటాయి, అవి సంపన్న దేశాలు. మరి బ్రెజిల్? పెద్దగా డబ్బు లేకుండానే 1960లలో దాటేసింది. డబ్బుంటేనే పట్నం అనే లెక్క అక్కడ తప్పింది.

జపాన్‌ది ఇంకో తమాషా. 2000 తర్వాత పల్లెలను గుంపులుగా నగరాల్లో కలిపేశారు. శాతం ఎగిరి కూర్చుంది, వరిమళ్లు ఉన్నచోటే ఉన్నాయి. శ్రీలంకలో దీనికి తిరగేసి జరిగింది. 1987లో చిన్న పట్టణాల సభలను రద్దు చేయడంతో వాటి జనమంతా పల్లె పద్దులో పడ్డారు. అక్కడా ఏ అమ్మో కొడుకును ఇలాగే నిలదీసి ఉంటుంది.

సాయంత్రం మళ్లీ ఫోను. పన్ను సంగతి తెలిసిపోయిందనుకున్నాను. కాదు, గేదెకు నొప్పులు మొదలయ్యాయట, పశువుల డాక్టరు ఫోను ఎత్తడం లేదట. "పట్నమైపోయాం కదా, ఇక మనకు ఆయన వస్తాడంటావా?"